యాష్‌లాండ్ ఇంటి లింక్ డాక్యుమెంట్లు

సికింద్రాబాద్ పద్మారావు నగర్ నుంచి ఫోన్ వస్తే ఇల్లు గురించి అందరూ అడిగేవి మూడే: ఎన్ని గజాలు, ఏ ఫేసింగ్, లోన్ ఎంత. మా బాబాయి ఒక్కడే నాలుగోది అడిగాడు. "లింక్ డాక్యుమెంట్లు చూసుకున్నావురా?" వాకర్ టౌన్ వైపున్న తాతల నాటి పెంకుటిల్లు బిల్డరుకు ఇచ్చేటప్పుడు ఒక పాత కాగితం కనిపించక చెప్పులరిగేలా తిరిగిన మనిషి ఆయన. ఫోన్‌లో "చూశాను బాబాయ్" అని ఊరుకున్నాను కానీ, ఆ జవాబు అంత చిన్నది కాదు. ఈ దేశం చరిత్రలో నాకు తెలిసిందంతా ఆ కాగితాల వెంట వెళ్లి తెలుసుకున్నదే.

మా ఊరు యాష్‌లాండ్. మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు పడమరగా పాతిక మైళ్లు. జనాభా 20 వేల లోపే. ఒక మెయిన్ స్ట్రీట్, రైల్వే స్టేషను, చర్చిలు, లైబ్రరీ, వేవర్లీ స్ట్రీట్ మీద మన శ్రీలక్ష్మి గుడి. తెలుగువాళ్లు బాగానే ఉన్నాం. తూర్పు ముఖం ఇల్లు అమ్మకానికొస్తే ఫోన్లు ఎందుకు ఎక్కువొస్తాయో ఇక్కడి ఏజెంట్లకు కూడా తెలిసిపోయింది.

దస్తావేజులు ఇక్కడ కౌంటీ రిజిస్ట్రీలో ఉంటాయి. భూమి అమ్మితే సర్కారు పుస్తకంలో ఎక్కించాలన్న చట్టం మసాచుసెట్స్ ఇంకా ఇంగ్లిష్‌వాళ్ల వలసగా ఉన్న 1640లోనే వచ్చింది. మా సికింద్రాబాద్ పుట్టిందే 1806లో. మన దగ్గర బ్యాంకు 30 ఏళ్ల ఈసీ అడిగితే ఇక్కడ లాయరు మామూలుగా 50 ఏళ్లు వెనక్కి చూస్తాడు. అదీ చాలక టైటిల్ ఇన్సూరెన్స్ తీయిస్తారు. రేపు ఎవరైనా వచ్చి ఈ ఇల్లు మాదంటే ఆ కంపెనీ చూసుకుంటుంది. ఇన్‌స్పెక్టరు బాయిలర్ నుంచి అటక దాకా తడిమి రిపోర్టు రాస్తాడు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే గోడల రంగులో సీసం ఉండొచ్చని ముందే చెప్పి సంతకం పెట్టించుకుంటారు. ఒకటి రెండు నెలల్లో తాళాలు చేతికొస్తాయి. లాయరు 50 ఏళ్ల దగ్గర ఆగాడు. నేను ఊరి లైబ్రరీలో కూర్చుని ఇంకా వెనక్కి వెళ్లాను.

ఈ నేల నిప్‌మక్ ఆదివాసులది. 17వ శతాబ్దంలో జాన్ ఎలియట్ అనే పాస్టరు ఇక్కడి ఆదివాసుల భాష నేర్చుకుని బైబిల్ మొత్తం అందులోకి తెచ్చాడు. 1663లో కేంబ్రిడ్జ్‌లో అచ్చయిన ఆ పుస్తకమే అమెరికా గడ్డ మీద వెలువడిన మొదటి పూర్తి బైబిల్. మతం మారినవాళ్లకు ఆయన ప్రార్థనా గ్రామాలు పెట్టించాడు. ఏడో గ్రామం మగుంకాక్వాగ్, మా ఊరి కొండ మీద. 1674లో డేనియల్ గుకిన్ అనే అధికారి రాసిన లెక్కలో అక్కడ 11 కుటుంబాలు, దాదాపు 55 మంది, 3,000 ఎకరాలు. మరుసటి ఏడు ఆదివాసులకూ ఇంగ్లిష్‌వాళ్లకూ యుద్ధం మొదలైంది. మతం మారినా వీళ్లను నమ్మలేదు. ప్రార్థనా గ్రామాల వాళ్లను వందల మందిని బోస్టన్ రేవులోని డీర్ ఐలాండ్‌లో పడేస్తే ఆ చలికాలం ఆకలికీ చలికీ చాలామంది పోయారు.

1990ల చివర మసాచుసెట్స్ యూనివర్సిటీ బోస్టన్ శాఖ పరిశోధకులు ఆ కొండ మీద తవ్వితే ఒక కట్టడం రాతి పునాది బయటపడింది. కట్టుబడి ఇంగ్లిష్ పద్ధతే. మూలల్లో మాత్రం స్ఫటికపు రాళ్లు పెట్టి ఉన్నాయి, అది ఆదివాసుల ఆచారం. శంకుస్థాపన నాడు పునాదిలో నవరత్నాలు, నవధాన్యాలు వేసే మనకు దీన్ని ఎవరూ వివరించక్కర్లేదు.

1715లో ఆ భూమి చేతులు మారింది. ఎడ్వర్డ్ హాప్కిన్స్ అనే ధనికుడు హార్వర్డ్ కాలేజీకి రాసిచ్చిన సొమ్ముతో ట్రస్టీలు మగుంకాక్వాగ్ కొన్నారు. అమ్మకానికి ఒప్పుకున్న ఆదివాసి కమిటీలో ఒకడైన ఐజాక్ నెహెమయా ఆ రోజుల్లోనే తన నడికట్టుతో ఉరేసుకున్నాడు. ట్రస్టీల్లో ఒకడైన జడ్జి శామ్యూల్ సీవల్ ఈ సంగతి డైరీలో రాసుకున్నాడు, నడికట్టు పొడవుతో సహా. చావు గురించి రాస్తూ కొలత వేసిన ఆ మనసేమిటో నాకిప్పటికీ అంతుపట్టదు.

తర్వాత వచ్చి ఇళ్లు కట్టుకున్న తెల్లవాళ్లు కూడా ఆ నేలకు సొంతదార్లు కారు. హాప్కిన్స్ పేరు మీద వెలసిన హాప్కింటన్‌లో రైతులు దీర్ఘకాలం కౌలు మీద ఉన్నారు, భూస్వామి హార్వర్డ్. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఓల్డ్ గ్రాంట్ బంగళాల తగాదాలు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది: గోడలు నీవి, నేల ఇంకొకరిది. 'అమెరికాలో మొదటి నుంచీ ఎవరి భూమి వాళ్లదే' అనే మాట మీద నాకున్న నమ్మకం ఇక్కడే పోయింది.

1846లో హాప్కింటన్, ఫ్రేమింగ్‌హామ్, హాలిస్టన్‌ల నుంచి తలా ముక్క తీసి యాష్‌లాండ్ చేశారు. ఊరికి పేరు తెచ్చింది గడియారం. హెన్రీ వారెన్ ఇక్కడే కరెంటు గడియారం తయారుచేశాడు. అది సరిగా నడవాలంటే కరెంటు కూడా తాళం తప్పకూడదు కాబట్టి, 1916లో బోస్టన్ పవర్‌హౌస్‌లో తన మాస్టర్ క్లాక్ పెట్టించి దాన్నీ దారికి తెచ్చాడు. హైస్కూల్ ఆటగాళ్లను ఇప్పటికీ క్లాకర్స్ అంటారు. బోస్టన్ మారథాన్ కూడా 1897 నుంచి 1923 దాకా ఇక్కడే మొదలయ్యేది. ఇప్పుడు హాప్కింటన్‌లో మొదలై మా గుడి ముందు నుంచి వెళ్తుంది. మారథాన్ జరిగే సోమవారం అర్చనకు పోవాలంటే రోడ్లు మూయకముందే చేరుకోవాలి.

ఇదే ఊళ్లో 1917 నుంచి 1978 దాకా రంగుల ఫ్యాక్టరీలు నడిచాయి, చివరిది నయాంజా. పాదరసంతో సహా వ్యర్థాలు పోసింది మెగంకో కొండ మీద; మగుంకాక్వాగ్ పేరే అలా మిగిలింది. అక్కడి వాగు రోజుకో రంగులో పారేది. ఊరి జనం దాన్ని కెమికల్ బ్రూక్ అనేవాళ్లు, పిల్లలు అందులోనే ఆడేవాళ్లు. పటాన్‌చెరు సంగతి తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. 1980ల మొదట్లో కేంద్రం ఆ ఫ్యాక్టరీ స్థలాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే విషవ్యర్థాలు శుభ్రం చేయాల్సిన స్థలాల పట్టీలో చేర్చింది. అక్కడి నీళ్లలో ఆడిన పిల్లలకు క్యాన్సర్ ముప్పు ఎక్కువని, వాళ్లలో కుటుంబంలో క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువని రాష్ట్ర ఆరోగ్య శాఖ 2006లో తేల్చింది. భూగర్భ జలాల నుంచి వచ్చే ఆవిరి గదుల్లోకి రాకుండా కొన్ని ఇళ్ల కింద గొట్టాలు వేశారు. ఇక్కడ ఇల్లు చూసేవాళ్లు వాస్తుతో పాటు ఈ కలుషిత జలాల మ్యాపు కూడా చూసుకోవాలి.

ఇక మనలాంటివాళ్ల పేరు దస్తావేజులోకి ఎప్పుడెక్కిందో చూడాలి. భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం ఉన్నవాళ్లలోనూ చాలామందికి రద్దు చేశారు. అలా పోగొట్టుకున్నవాడు వైష్ణో దాస్ బగాయ్. 1915లో పెషావర్ నుంచి భార్యాపిల్లలతో వచ్చాడు. బర్క్‌లీలో ఇల్లు కొంటే, దిగే రోజున ఇరుగుపొరుగు తాళం వేసి లోపలికి రానివ్వలేదు. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. అదే బర్క్‌లీలో ఇప్పుడు ఒక వీధికి ఆయన భార్య కలా బగాయ్ పేరుంది. మనకు పౌరసత్వ హక్కు వచ్చింది 1946లో, ఏడాదికి 100 మంది కోటాతో. ఫలానా జాతివాళ్లకు అమ్మరాదని దస్తావేజులోనే రాసుకునే ఆచారం చాలాచోట్ల ఉండేది. ఆ షరతులను కోర్టులు అమలు చేయవని 1948లో తీర్పొచ్చింది. రంగు చూసి ఇల్లు నిరాకరించడం దేశమంతటా చట్టవిరుద్ధమైంది 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి. మనవాళ్లు గుంపుగా రావడానికి దారి తీసిన వలస చట్టం 1965ది. 1978లో గుడి సంఘం పెట్టి, 1981లో యాష్‌లాండ్‌లో స్థలం కొని, 1990లో గుడికి కుంభాభిషేకం చేసిన వాళ్లంతా ఆ తలుపు తెరిచాక వచ్చినవాళ్లే. అమావాస్య, పౌర్ణమి, పులిహోర ప్రసాదం, పార్కింగ్ దగ్గర గొడవ, అన్నీ పద్మారావు నగర్ స్కందగిరి గుడిలో ఉన్నట్టే ఉంటాయి.

పేరు దస్తావేజులోకి వచ్చింది సరే, ఊళ్లోకి రావడం వేరే సంగతి. ఇక్కడ కార్పొరేటర్ లేడు. ఏటా ఓటర్లంతా ఒక హాల్లో కూర్చుని ఊరి బడ్జెట్ మీద చేతులెత్తుతారు. టౌన్ మీటింగ్ అంటారు, వలస కాలం నాటి పద్ధతి. స్కూలు, ఫైరింజను, రోడ్డు మీద మంచు తీయడం, అన్నిటికీ చాలావరకు మన ఇంటి పన్నే ఆధారం. 1980లో వచ్చిన చట్టం వల్ల మొత్తం పన్ను వసూళ్లు, కొత్త కట్టడాలు పోను, ఏడాదికి 2.5 శాతం మించి పెంచకూడదు. మించాలంటే ఊరంతా ఓటేయాలి. పిల్లలున్న ఇళ్లు ఒకవైపు, పెన్షన్ మీద బతికే పెద్దలు ఒకవైపు. కూరగాయల దుకాణంలో పలకరించుకునేవాళ్లే మైకు దగ్గర కత్తులు దూస్తారు. నాకు ఆ గొడవ ఇష్టం. పద్మారావు నగర్‌లో మన పన్ను ఎటు పోతుందో నిలదీసి అడిగే చోటే లేదు.

కానీ ఆ హాల్లో ఓటు పౌరులకే. కోటా ఉన్న గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమంతో హెచ్1బి మీదున్న మనవాళ్లు ఏళ్ల తరబడి వరసలో ఉన్నారు. ఇల్లుంది, పన్ను కడతారు, పిల్లలు ఆ స్కూల్లోనే చదువుతారు, చెయ్యెత్తడానికి లేదు. ఓటు లేకుండా పన్నేమిటని టీ పెట్టెలు సముద్రంలో పారేసిన బోస్టన్ ఇక్కడికి గంట ప్రయాణం. ఆమ్‌హర్స్ట్, కేంబ్రిడ్జ్‌లాంటి ఊళ్లు స్థానిక ఓటైనా ఇస్తామని రాష్ట్ర శాసనసభను అడిగాయి, అది ఒప్పుకోలేదు.

మా పక్కింటి ఖమ్మం ఆయనది ఈ పరిస్థితే. మొన్న వసంతంలో నాతో పాటు మీటింగుకొచ్చి ఓటర్లు కానివాళ్ల వరసలో కూర్చున్నాడు. మా వీధికి ఫుట్‌పాత్ ఎప్పుడని అడగాలని ఆయన కోరిక. మోడరేటర్ సభ అనుమతి అడిగి ఆయన్ను మాట్లాడనిచ్చాడు. రెండు నిమిషాలు చక్కగా మాట్లాడాడు. నలుగురు ముసలివాళ్లు తలలూపారు. ఓటింగ్ వచ్చేసరికి ఆయన కూర్చునే ఉన్నాడు, నేను కార్డెత్తాను. ఫుట్‌పాత్ డబ్బుల అంశం కొద్దిలో వీగిపోయింది. వచ్చే ఏడు మళ్లీ అజెండాలో పెట్టించాలంటే ఓటర్ల సంతకాలు కావాలి. ఆదివారం గుడి దగ్గర సేకరిద్దామని కాగితం ఆయనే తయారుచేస్తున్నాడు.