ఒకే గేమ్, దేశానికో రేటు: మధ్యలో గోడ కట్టిందెవరు, కూల్చిందెవరు?

ఇవాళ్టి కథ గేమ్స్ గురించే, కానీ మొదలయ్యేది మాత్రం కోఠీ ఫుట్‌పాత్ మీద. బీటెక్ చదివేటప్పుడు అక్కడ సెకండ్ హ్యాండ్‌లో ఒక టెక్స్ట్‌బుక్ కొన్నాను. అట్ట మీద ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఉంది: ఈ పుస్తకాన్ని భారత ఉపఖండంలోనే అమ్మాలి, బయట అమ్మకూడదు అని. ఎందుకన్నా అని అడిగితే షాపాయన నవ్వి, "గిదే పుస్తకం అమెరికాల మస్తు పిరం తమ్మీ. ఈడికెళ్లి కొనుక్కపోయి ఆడ అమ్ముకుంటరని అట్ల రాస్తరు" అన్నాడు. ఇవాళ నేను చెప్పబోయే చరిత్ర మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ముందు ఒక ప్రశ్న. ఒకే వస్తువుని ఒకరికి ఎక్కువకి, ఇంకొకరికి తక్కువకి అమ్మడం మోసమా? అలాగైతే మీ ఆర్టీసీ స్టూడెంట్ పాస్ కూడా మోసమే కదా! సీటు ఒకటే, బస్సు ఒకటే, రేటు వేరు. ఇచ్చుకోగలిగినవాళ్ల దగ్గర ఎక్కువ, ఇచ్చుకోలేనివాళ్ల దగ్గర తక్కువ తీసుకోవడం అన్నమాట. పిగూ అనే ఆర్థికవేత్త 1920లోనే తన పుస్తకంలో దీన్ని మూడు రకాలుగా విడదీసి వివరించాడు. కాకపోతే దీనికి ఒక షరతు ఉంది. తక్కువకి కొన్నవాడు దాన్ని ఎక్కువ రేటున్న చోట అమ్మకూడదు. అందుకే మధ్యలో గోడ కావాలి. బస్ పాస్‌కి ఆ గోడ మీ ఫోటో.

డీవీడీలకి ఆ గోడే రీజియన్ కోడ్. ప్రపంచాన్ని ముక్కలు చేసి అమెరికాకి 1, యూరప్‌కీ జపాన్‌కీ 2, మనకీ రష్యాకీ 5 అని నంబర్లు ఇచ్చారు. అమెరికా నుంచి మామయ్య తెచ్చిన డిస్క్ మన ప్లేయర్‌లో ఆడకపోవడానికి కారణం ఇదే.

ఇక గేమ్స్‌కి వద్దాం. వాల్వ్ కంపెనీ 2003లో స్టీమ్ మొదలుపెట్టింది. 2004లో వచ్చిన హాఫ్ లైఫ్ 2 ఆడాలంటే స్టీమ్ తప్పనిసరి చేసింది. అంటే డిస్క్ మీ చేతిలో ఉన్నా, తాళం మాత్రం కంపెనీ చేతిలో. దీని అర్థం ఏంటో 2007లో జనానికి తెలిసొచ్చింది. ఆరెంజ్ బాక్స్ అనే గేమ్స్ ప్యాక్ థాయ్‌లాండ్‌లో చవగ్గా దొరుకుతోందని పాశ్చాత్య దేశాల వాళ్లు ఆన్‌లైన్‌లో అక్కడి కీలు కొనుక్కున్నారు. వాల్వ్ ఆ కీలు పనిచేయకుండా చేసేసింది. డబ్బు పోయింది, గేమూ పోయింది.

మరి పుస్తకాల సంగతి? అక్కడ కథ అడ్డం తిరిగింది. థాయ్‌లాండ్ నుంచి అమెరికాకి చదువుకోవడానికి వెళ్లిన కిర్త్‌సెంగ్ అనే విద్యార్థి, ఊళ్లో ఉన్న బంధువుల చేత చవక ఎడిషన్ టెక్స్ట్‌బుక్స్ తెప్పించి అమెరికాలో అమ్మాడు. వైలీ అనే ప్రచురణ సంస్థ కేసు వేసింది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఆ కుర్రాడి వైపే తీర్పు చెప్పింది. చట్టబద్ధంగా అచ్చయిన పుస్తకం కొన్నాక అది నీది, తిరిగి అమ్ముకోవచ్చు అని. డిజిటల్ గేమ్‌కి మాత్రం ఇది కుదరలేదు. మనం కొనేది గేమ్ కాదు, ఆడుకోడానికి పర్మిషన్. అందుకే గేమ్స్ గోడ నిలబడింది.

ఈ గోడ వల్ల మనకి నష్టమా, లాభమా? రష్యాని చూడండి. పైరసీ డిస్క్‌లకి పేరుమోసిన దేశం అది. అక్కడ అమ్మి లాభం లేదని చాలా కంపెనీలు వదిలేశాయి. వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ 2011లో దీనికి ఎదురు వాదించాడు. పైరసీకి అసలు కారణం రేటు కంటే కూడా సర్వీస్ సరిగ్గా లేకపోవడమే అన్నాడు, రష్యానే ఉదాహరణగా చూపించాడు. వాళ్ల భాషలో, టైమ్‌కి, అందుబాటులో పెడితే జనం కొంటారని. తర్వాత రూబుల్స్‌లో ధరలు వచ్చాయి. మనకి 2015 నవంబర్‌లో రూపాయల్లో వచ్చాయి. అంతకుముందు డాలర్లలోనే కొనాలి. మా బ్యాచ్‌లో ఇంటర్నేషనల్ కార్డు ఎవరికీ లేదు. అందుకే మా లైబ్రరీ అంతా పెన్‌డ్రైవే! నేను డబ్బు పెట్టి కొన్న మొదటి గేమ్ రూపాయలు వచ్చాకే.

అయితే కరెన్సీ అనేది కదిలే నేల. 2014 మొదట్లో డాలర్‌కి 33 దాకా ఉన్న రూబుల్, డిసెంబర్‌లో ఒక దశలో 80 దాకా పడిపోయింది. గేమ్ రేటు మాత్రం రూబుల్స్‌లో అలాగే ఉంది. బయటివాళ్లు రష్యా నుంచి గిఫ్ట్ రూపంలో కొనడానికి ఎగబడ్డారు. వెంటనే స్టీమ్ అక్కడి గిఫ్ట్‌లు బయటి దేశాలకి వెళ్లకుండా తాళం వేసింది.

యూరప్‌లో ఇంకో రకం గొడవ. చెక్, పోలండ్, హంగరీ లాంటి దేశాల కీలు మిగతా యూరప్‌లో పనిచేయకుండా ఆపారని యూరోపియన్ కమిషన్ 2021 జనవరిలో వాల్వ్‌కీ, ఇంకో 5 పబ్లిషర్లకీ కలిపి 78 లక్షల యూరోలు జరిమానా వేసింది. ఉమ్మడి మార్కెట్‌లో గోడలు కుదరవు అని. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ గోడ లేకపోతే చవక రేటు పెట్టడానికి ఏ కంపెనీకి ధైర్యం వస్తుంది? జీతాలు ఎంత తేడా ఉన్నా, యూరోలు వాడే దేశాలన్నిట్లో ఇప్పుడు స్టీమ్‌లో ఒకటే ధర.

ఇప్పుడు అసలు బాధాకరమైన భాగం. టర్కీ, అర్జెంటీనా. 2013లో డాలర్‌కి సుమారు 2 లీరాలు. 2023 చివరికి 28 దాటింది. అర్జెంటీనా పెసో 2018 మొదట్లో సుమారు 19. 2023 అక్టోబర్‌లో అధికారిక రేటే 350. ఈ రెండు దేశాల్లో గేమ్స్ ప్రపంచంలోనే చవగ్గా కనిపించేసరికి వీపీఎన్ పెట్టి, దేశం మార్చి కొనడం ఒక ట్రెండ్ అయిపోయింది. ఎలా చేయాలో చెప్పే వీడియోలు మీరూ చూసే ఉంటారు. దేశం మార్చడాన్ని స్టీమ్ మూడు నెలలకి ఒక్కసారికి పరిమితం చేసింది. 2022లో ఆ దేశాలకి సూచించే ధరల్ని భారీగా పెంచింది. చివరికి 2023 నవంబర్ 20న లీరా, పెసో రెండూ తీసేసి డాలర్లు పెట్టింది. కరెన్సీ రోజూ ఊగిపోతుంటే డెవలపర్లు ధర పెట్టలేకపోతున్నారన్నది కంపెనీ చెప్పిన కారణం. ఆ ప్రాంతాలకి విడిగా ధర పెట్టని గేమ్స్‌కి నేరుగా అమెరికా రేటే పడింది.

ఒక్కసారి ఆలోచించండి. అసలే జీతం విలువ కరిగిపోతున్న బ్యూనస్ ఐరిస్ కుర్రాడు, ఆ రోజు నుంచి డాలర్లలో కొనాలి. నిజం చెప్పాలంటే, నేనూ ఒకసారి ఆ వీపీఎన్ ట్రిక్ ట్రై చేద్దామనుకున్నాను. పేమెంట్ దగ్గర ఆ దేశం కార్డు అడిగింది, ఆగిపోయాను. అప్పుడు నాకు చిరాకేసింది. ఇప్పుడు సిగ్గేస్తుంది. పాస్ లేనివాళ్లు దొంగ పాస్‌తో బస్సెక్కితే, రేపు పాసే రద్దవుతుంది. నష్టపోయేది నిజమైన స్టూడెంటే.

మన రూపాయి 2015 నవంబర్‌లో డాలర్‌కి 66 దగ్గర ఉంది, 2023 చివరికి 83. లీరా లాగా కూలలేదు కాబట్టి మన రేట్లు ఇంకా రూపాయల్లోనే ఉన్నాయి. కానీ ఆ పాస్ మనకి ఎవరూ శాశ్వతంగా రాసివ్వలేదు. మనం కొంటూ ఉన్నంతకాలం, వేరేవాళ్లు దాన్ని దుర్వినియోగం చేయనంతకాలం ఉంటుంది. అంతే.

ఆ కోఠీ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అట్ట మీద ఆ లైన్ చూసినప్పుడల్లా, మనల్ని ఆపడానికి రాసింది అనుకునేవాణ్ణి. ఆ పుస్తకం నా చేతికి అందిందే ఆ లైన్ వల్ల అని ఇప్పుడు అర్థమవుతోంది. మీరు డబ్బు పెట్టి కొన్న మొదటి గేమ్ ఏంటో, ఎంతకి కొన్నారో కామెంట్‌లో రాయండి.