కడరా భోజనంలో గ్రంథపాతం

కడియంలో తెలుగు పండితుడిగా ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, ఒక క్రిస్మసు నాడు నా శిష్యుని ఇంటికి భోజనానికి వెళ్ళాను. వసారా గోడకు ఒక పటం ఉంది. పొడవాటి బల్ల, నడుమ క్రీస్తు, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు శిష్యులు. కాథలిక్కులు దీనిని 'కడరా భోజనము' అంటారు. గుణదల తిరునాళ్ళలో కొన్నామని పిల్లవాడి నాయనమ్మ చెప్పింది. పిల్లవాడు మాత్రం ఒక ప్రశ్న వేశాడు.

"మిగతా వాళ్ళ కాళ్ళు బల్ల కింద కనపడతన్నాయి గదండీ మాస్టారండీ, సామి కాళ్ళేవండీ?"

నిజమే. క్రీస్తు కూర్చున్న చోట, బల్ల క్రింద, ద్వారం వంటి ఆకారమేదో ఉంది. పాదాలు లేవు. కారణం నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నా భాషాప్రవీణ పట్టా అడ్డు వచ్చింది. "భగవంతుని పాదాలు చర్మచక్షువులకు గోచరించవురా" అన్నాను. ఇంటిల్లిపాదీ తలలూపారు. పిల్లవాడు ఊపలేదు.

అసలు సంగతి పదవీవిరమణ తరువాత గాని నాకు తెలిసిరాలేదు.

ఆ చిత్రం ఇటలీలోని మిలాను నగరంలో, సాంతా మరియా దెల్లె గ్రాత్సియె అనే దేవాలయాన్ని ఆనుకొని ఉన్న మఠంలో, సన్యాసుల భోజనశాల గోడమీద ఉన్నది. వెడల్పు దాదాపు 29 అడుగులు, ఎత్తు 15 అడుగులు. లియొనార్దో దా వించి 1495 ప్రాంతంలో మొదలుపెట్టి 1498 నాటికి ముగించాడు. గోడకు చిత్రం వ్రాసేవారు తడి సున్నం మీద త్వరత్వరగా రంగు వేస్తారు. సున్నం ఆరేటప్పుడు రంగును తనలో కలుపుకొంటుంది. లియొనార్దో నిదానస్తుడు. దిద్దుకొంటూ వ్రాయడానికి వీలుగా పొడి గోడమీద రంగులు వేశాడు. ఫలితంగా ఆయన బ్రతికి ఉండగానే చిత్రం పెచ్చులూడసాగింది. 1652లో ఆ గోడకు ద్వారం తెరిచారు. ఆ ద్వారం క్రీస్తు పాదాలను మింగివేసింది. తరువాత దానిని పూడ్చివేసినా పోయినవి రాలేదు. శిష్యుల పాదాలు కడిగిన రాత్రే ఆయనకు అది కడపటి భోజనం. ఆ చిత్రంలో ఆయన పాదాలే పోయాయి!

1943 ఆగస్టులో మిలానుపై బాంబులు కురిసినప్పుడు భోజనశాల చాలావరకు కూలింది. ఇసుక బస్తాల అండతో ఈ గోడ నిలిచింది.

ఈ మిలానుకూ మనకూ చుట్టరికం ఉన్నది. 1850లో ఆ ప్రాంతంలో వెలసిన విదేశ వేదబోధకుల సంస్థ 1855లోనే హైదరాబాదుకు గురువులను పంపింది. ఆ సంస్థ గురువులే తరువాత కృష్ణాతీరానికీ వచ్చారు. వారిలో ఒకరైన అర్లాటిగారు 1924లో గుణదల కొండమీద మరియమాత ప్రతిమను నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో తిరునాళ్ళు. కొబ్బరికాయలు కొట్టేవారు, తలనీలాలు ఇచ్చేవారు, పటాలు కొనుక్కొని వెళ్ళేవారు. మా శిష్యుని ఇంటి పటం వచ్చిన దారి అదే.

పండితుడిగా నాకు మరొక చుట్టరికం తోచింది. మన ప్రాచీన గ్రంథాలు తాటాకుల మీద బ్రతికాయి. ఆకును పురుగు తింటే అక్షరాలు పోతాయి. దానినే మనం గ్రంథపాతం అంటాము. మరొక ప్రతి దొరికితే ఆ ఖాళీ తెలిసివస్తుంది. బ్రౌను దొర ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరింపజేసింది ఇందుకే. కడరా భోజనానికీ అటువంటి ప్రతి ఉన్నది. లియొనార్దో శిష్యపరంపరలోని జాంపియెత్రీనో 1520 ప్రాంతంలో వ్రాసిన నకలులో క్రీస్తు పాదాలు చక్కగా కనిపిస్తాయి.

1978లో మొదలై 1999 దాకా సాగిన జీర్ణోద్ధరణలో ఆ నకలు కూడ దారి చూపింది. అయితే నన్ను ఆకట్టుకొన్నది వేరొకటి. పూర్తిగా పోయిన చోట్లను ఉద్ధరించినవారు తమ ఊహతో పూరించలేదు. లేత నీటిరంగు పూసి, ఇక్కడ పోయింది అని తెలిసేటట్లు వదిలివేశారు. నిజాయితీ గల పరిష్కర్త పోయిన అక్షరాల స్థానంలో చుక్కలు పెట్టినట్లు.

నేను ఆనాడు చుక్కలు పెట్టలేదు. నా పాండిత్యంతో ఖాళీని పూరించాను. ఆ శిష్యుడు ఇప్పుడు గల్ఫులో ఎక్కడో ఉన్నాడని విన్నాను. కలిస్తే చెప్పవలసినది ఇంతే: "నీ ప్రశ్న సరియైనదిరా. జవాబు నాకు అప్పుడు తెలియదు."