దడి కట్టే నెల

సర్కారు తుమ్మలోని సర్కారు ఎవరో తెలిసిన రోజు నాకు పట్టలేనంత సంతోషం వేసింది. చేల గట్ల మీద, గొడ్ల దొడ్ల చుట్టూ వేసే ఆ ముళ్లకంప అనాదిగా ఈ మట్టిదే అనుకునేవాణ్ని. కాదు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ కన్సర్వేటరు కర్నల్ బెడ్డోమ్ ఆ విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. మరుసటేడు జమైకా నుంచి వచ్చాయి. కడప జిల్లా కమలాపురంలో చల్లారు. మహా కరువు రోజులవి. నీళ్లు లేకపోయినా బతికి, వంటచెరకు ఇచ్చే చెట్టు కావలసివచ్చింది. సర్కారు తెచ్చింది కాబట్టి సర్కారు తుమ్మ. జనం పెట్టిన పేరులోనే చరిత్రంతా ఉంది.

ఆ దారినే పోతే చుట్టాలు ఎందరో తగిలారు. సీమచింత పుట్టిల్లు మెక్సికో వైపు. రైలుకట్ట పక్కన కత్తులు దూసినట్టుండే కిత్తనారదీ అక్కడే. నాగజెముడూ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. వీటన్నిటిలో నాకు ప్రాణం నాగజెముడు కథ.

పద్దెనిమిదో శతాబ్దంలో యూరపులో మేలైన ఎరుపు రంగుకు మూలం నాగజెముడు మీద బతికే కొచినీల్ పురుగు. దాని వ్యాపారం మెక్సికోను ఏలే స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్‌కు ఆ గుత్తాన్ని విరగ్గొట్టాలని పట్టుదల. 1786 నుంచి లండన్‌లోని వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. సైదాపేటలో నాగజెముడుకని ప్రత్యేకంగా తోట వేయించాడు. పురుగు వచ్చేసరికి మేత సిద్ధంగా ఉండాలని! చివరికి 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగును కలకత్తాకు చేర్చాడు. తీరా చూస్తే అది అసలు పురుగు కాదు, దాని అడవి చుట్టం. రంగు నాసి. కానీ ఆకలి మాత్రం అసాధ్యం. ఒక రకం నాగజెముడును మొదలంటా తినేసింది. రంగు కోసం తెచ్చిన పురుగు, కలుపు మొక్కను చంపే పురుగుగా ప్రపంచ వ్యవసాయ చరిత్రకెక్కింది.

దానికి లొంగని ఇంకో నాగజెముడు ఉండనే ఉంది. కంచెగా నాటినది కంచె దాటి బీళ్లన్నీ ఆక్రమించింది. 1926లో సింహళం నుంచి మరో కొచినీల్ పురుగును దక్షిణాదికి తెచ్చి వదిలారు. తెల్లటి దూది అంటుకున్నట్టు మట్టల మీద పాకి, కొన్నేళ్లలోనే ఆ పొదల్ని కూల్చేసింది. చేలు తెరిపిన పడ్డాయి, నిజమే. కానీ కాపలా అక్కర్లేని ఆ పచ్చటి గోడ కూడా దాంతోనే పోయింది. నాకు ఆ పోవడం కూడా కష్టంగానే ఉంటుంది.

ఈ కంపలు రాకముందటి వందల ఏళ్లలో దానశాసనాలు పొలిమేరలు చెప్పేటప్పుడు పుట్టనూ, చెట్టునూ, చెరువునూ పట్టుకున్నాయి. తాటాకు దడి శాసనానికి ఎక్కే సరుకు కాదు. రెండు వానాకాలాలకు మన్నయిపోతుంది. 1874లో ఇల్లినాయ్ రైతు గ్లిడెన్ పేటెంటు పొందిన ఇనుప ముళ్లతీగ మన దాకా వచ్చినా, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి అదీ తుప్పు పట్టేది.

మా ఊరు ఉయ్యూరు పక్కన. పొలానికి కంప, ఇంటికి తాటాకు దడి. అక్టోబరు, నవంబరు తుఫాన్లు వెళ్లి, వరి కోతలయ్యాక, ధనుర్మాసంలో దడి పని. ఇక్కడ రాత్రి ఇరవై డిగ్రీల దిగువకు దిగితే చలి అంటాం. ఆ చలి దడిని ఏమీ చేయదు, చేసేదంతా పొగమంచే. పొద్దెక్కేదాకా ఆకు ఆరదు. గుంజ కుళ్లేది కొసనా కాదు, లోతునా కాదు, నేల మట్టం దగ్గర. తడి, గాలి, చెదలు మూడూ కలిసేది అక్కడే. అందుకే మా నాన్న ఒక్కో గుంజనూ పట్టుకుని ఊపి చూసేవాడు. కొత్త గుంజ మొదలును, నేల పైకి జానెడు దాకా వచ్చేలా, నిప్పుల మీద తిప్పి నల్లగా కాల్చి పాతేవాడు.

కట్టడానికి ఇద్దరు కావాలి. దడికి ఇవతల నాన్న, అవతల అమ్మ. రాత్రంతా నానేసిన తాటినారను వెదురు బద్ద పక్కనుంచి నాన్న దూర్చేవాడు. “అందిందా?” “అందిందండీ.” అమ్మ లాగి, బద్ద చుట్టూ తిప్పి మళ్లీ ఇటు పంపేది. తాటిమట్ట అంచు రంపంలా ఉంటుంది. ఆ నెలంతా ఇద్దరి వేళ్ల మీదా సన్నటి గీతలే.

దడంతా ఒకేసారి విప్పేవారు కాదు. దాని మీద చిక్కుడు పాదు ఉండేది, సరిగ్గా ఆ చలిలోనే విరగకాసేది. తీగ తెగకుండా బారెడు విప్పి, బారెడు కట్టి, ముందుకు జరిగేవారు. అవతల వైపు కాసిన కాయలు పక్కింటి పిన్నిగారివి. ఆవిడ అడిగేదీ లేదు, మేం చెప్పేదీ లేదు.

ఇప్పుడు బెజవాడలో మా ఇంటికి సిమెంటు ప్రహరీ ఉంది. దానికీ చెమ్మ ఎక్కుతుంది, సున్నం పొక్కి రాలుతుంది. సంక్రాంతికి మనిషిని పెట్టి రంగు వేయిస్తాం, అవతలి వైపు ఎలా ఉందో చూడను కూడా చూడం. పిన్నిగారు తలెత్తి పలకరించే ఎత్తు కాదది. దడితో పోయిన వాటిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ పలకరింపే.

రథసప్తమికి చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేస్తాం కదా. ఆ రథానికి కాయలన్నీ ఒకే పొడవు ఉండాలని అమ్మ దడి వెంట నడుస్తూ ఏరేది. మా వైపు సరిపోకపోతే, ఆకుల సందులోంచి చెయ్యి దూర్చి అవతలి వైపు కాయ తడిమేది. ఒక్కోసారి ఆ కాయ అప్పటికే పిన్నిగారి చేతిలో ఉండేది.