విహారనౌకపై రాడారు గుమ్మటం

మన ఇంటి రేడియోకు మాటను మోసుకొని వచ్చే తరంగానికి తోబుట్టువు మరొకటి ఉన్నది. అది ఎదుటి వస్తువును తాకి, వెనుకకు మరలి వచ్చి, అక్కడ ఏదో ఉన్నదని తెలుపుతుంది. మరలివచ్చిన ఆ తరంగాన్ని పట్టే యంత్రమే రాడారు. ఒకప్పుడు యుద్ధనౌకలపై ఉండిన ఈ యంత్రం నేడు వినోదార్థం సముద్రంలోకి పోయే చిన్న నౌకలపై కూడ తెల్లని గుమ్మటం రూపంలో కనిపిస్తున్నది. అట్టి గుమ్మటాన్ని కొనదలచినవారు దేనిని చూచి ఎన్నుకోవలె? రాడారు చరిత్రను పరికించినచో ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

1904 మే నెలలో జర్మనీలోని కొలోన్ నగరంలో, రైను నది వంతెన వద్ద, క్రిస్టియన్ హుల్స్‌మాయర్ అనే యువకుడు తన యంత్రాన్ని ప్రదర్శించినాడు. నదిపై ఓడ సమీపించగానే గంట మోగినది. ఓడలు ఢీకొనకుండ కాపాడవలెనన్నదే అతని సంకల్పం. కాని ఆ గంట ఓడ ఉన్నదని చెప్పినదే గాని, ఎంత దూరాన ఉన్నదో నేరుగా కొలిచి చెప్పలేకపోయినది. ఆ యంత్రాన్ని కొనేవారు రాలేదు.

1940 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండాల్, హారీ బూట్ అనే శాస్త్రజ్ఞులు కేవిటీ మాగ్నెట్రాన్‌ను పనిచేయించినారు. దాని తరంగం పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. తరంగం ఎంత పొట్టిదైతే యాంటెనా అంత చిన్నది కావచ్చును. పిమ్మట 3 సెంటీమీటర్ల తరంగం వాడుకలోకి వచ్చినది. చిన్న నౌకల గుమ్మటాలు దానితోనే పనిచేస్తున్నవి.

అయితే యాంటెనా చిన్నదైనకొద్దీ కిరణం వెడల్పవుతుంది. 45 సెంటీమీటర్ల గుమ్మటంలో దాని వెడల్పు సుమారు 5 డిగ్రీలు. ఒక సముద్రపు మైలు దూరాన అది దాదాపు 160 మీటర్ల మేర వ్యాపిస్తుంది. ఆ మేరలో సమాన దూరాన రెండు పడవలున్నను తెరపై ఒకే మచ్చగా కనిపిస్తవి. 60 సెంటీమీటర్ల గుమ్మటంలో ఈ మేర సుమారు 130 మీటర్లకు తగ్గుతుంది. ఇరుకైన రేవులో ప్రవేశించేవారికి ఈ తేడా స్వల్పమైనది కాదు.

యంత్రంపై 24 మైళ్ల శక్తి అని వ్రాసి ఉన్నందున మురిసిపోనక్కరలేదు. గుమ్మటం నీటికి 4 మీటర్ల ఎత్తున ఉన్నచో, దాని దిఙ్మండలం సుమారు నాలుగున్నర మైళ్లే. అంతకు మించిన దూరాన ఎత్తైన ఓడలు, కొండలు కనబడవచ్చును గాని చిన్న పడవలు భూగోళపు వంపు వెనుక దాగిపోతవి.

2009లో మాగ్నెట్రాన్ లేని గుమ్మటాలు విహారనౌకలకు వచ్చినవి. పాత యంత్రం క్షణకాలం వేల వాట్ల శక్తితో కేక వేసి, పిమ్మట చెవి ఒగ్గుతుంది. కేక ముగియకముందే మరలివచ్చే సమీపవస్తువుల జవాబును వినలేదు. కొత్త యంత్రం స్వల్పశక్తితో ఎడతెగక పలుకుతూనే వింటుంది. అందుచేత అతిసమీపంలోని బోయా సైతం కనిపిస్తుంది. బ్యాటరీపై భారం తగ్గుతుంది. కాని రాడారు కేకకు బదులు పలికే రేవుల రేకాన్ సంకేతస్తంభాలు ఆ తొలి యంత్రాల మెల్లని పలుకుకు బదులీయలేదు. కనుక కొనేవారు తాము తిరిగే జలాలను తలచుకొని, అక్కడి స్తంభాలకు ఏ యంత్రం సరిపడునో విచారించవలె.

1956 జూలై 25 రాత్రి అమెరికా తూర్పు తీరాన ఇటలీ నౌక ఆండ్రియా డోరియా, స్వీడన్ నౌక స్టాక్‌హోమ్ ఢీకొన్నవి. 50 మందికి పైగా మరణించినారు. రెండింటిపైనను రాడారు ఉన్నది. రెండును ఒకదానినొకటి తెరపై చూచినవి. ఎదుటి నౌక తమకు ఎడమ ప్రక్కగా దాటిపోవునని ఒకరు, కుడి ప్రక్కగా పోవునని మరొకరు తలచినారు. అరకొర రాడారు సమాచారాన్ని నమ్మి ఊహలు చేయరాదని 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నియమాలు స్పష్టంగా శాసించినవి.

చిన్న గుమ్మటం చూపే మచ్చ అటువంటి అరకొర సమాచారమే. కాబట్టి ధర, మైళ్ల లెక్క చూడకముందు, దగ్గరి వస్తువులను ఎంత విడివిడిగా చూపునో అడుగవలె. కొన్న పిమ్మట పొగమంచు లేని పగటివేళ, కంటికి కనిపించే తీరాన్ని, పడవలను తెరపై మచ్చలతో పోల్చి చూచి, దాని భాషను నేర్చుకొనవలె. ఆ అభ్యాసం ఉన్నవారికే మంచు కమ్మిన రాత్రి ఆ యంత్రం తోడ్పడుతుంది.