ఆదరణ పరిచర్యలో శునకం: వెలిగండ్ల సీమ నుండి ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

శిక్షణ పొందిన కుక్కను వెంటబెట్టుకొని ఆస్పత్రికో, వృద్ధాశ్రమానికో, విపత్తు బాధితుల శిబిరానికో వెళ్ళి, బాధలో ఉన్నవారి పక్కన కొంతసేపు కూర్చొని రావడం అనేక పాశ్చాత్య దేశాల్లో స్థిరపడిన స్వచ్ఛంద సేవ. ఈ కుక్కలను థెరపీ డాగ్స్ అంటారు. అంధులకు దారి చూపే కుక్కలు వేరు. అవి ఒక్కరికే సేవ చేస్తాయి. ఇవి యజమానితో కలిసి ఇతరుల దగ్గరకు వెళ్తాయి. ఈ సేవకు జీతం లేదు. రోగి ఆ కుక్కను నిమురుతాడు, యజమానితో నాలుగు మాటలు మాట్లాడతాడు. బయటికి కనిపించేది అంతే.

ఇటువంటి సంగతికీ, పశ్చిమ ప్రకాశంలోని మెట్ట పల్లెలకూ ఏమి సంబంధమని పాఠకులు అడగవచ్చు. మొదట మాకూ అదే సందేహం కలిగింది. అయితే ఈ సేవ చరిత్రను వెలిగండ్ల, కనిగిరి ప్రాంతపు రోగాల చరిత్రతోను, ఇక్కడి సంఘాల చరిత్రతోను కలిపి చదివినప్పుడు ఒక విషయం స్పష్టమైంది. కుక్క వైద్యం చేయదు. మనిషిని మరొక మనిషి గుమ్మం దాకా నడిపిస్తుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఇదే.

1. మందు లేని వ్యాధి

వెలిగండ్ల ఒకప్పటి నెల్లూరు జిల్లా పడమటి భాగంలోనిది. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు నుండి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుండి వచ్చి అందులో చేరాయి. ఆనాటికే ఈ సీమకు వైద్య గ్రంథాల్లో ఒక చోటు ఉంది. అది కోరుకోదగిన చోటు కాదు. 1937లో షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి ప్రచురించిన పరిశోధన, ఈ వ్యాధిపై మన దేశంలో వెలువడిన తొలి ముఖ్య రచనల్లో ఒకటి. బావి నీటిలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరి మనిషిని వంచివేస్తుందని లోకానికి తెలిసింది ఈ నేల మనుషుల నడుముల వల్లనే.

తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీటిని చిన్ననాటి నుండి తాగినవారికి మొదట పళ్ళు గారపడతాయి. నీటిలో మోతాదు మరీ ఎక్కువైతే, ఏళ్ళు గడిచేకొద్దీ కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్నెముక కొయ్యబారుతుంది, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పవలసి వస్తుంది. మంచి నీరు ఇస్తే కొత్తవారికి ఈ వ్యాధి రాకుండా ఆపవచ్చు. ఇప్పటికే వంగిన నడుమును తిరిగి నిలబెట్టే మందు మాత్రం లేదు.

ఇక్కడ ఒక పరిచర్య ప్రశ్న పుడుతుంది. నయం చేయలేని రోగి దగ్గరకు మనం ఏమి పట్టుకొని వెళ్ళాలి? పిల్లలు పనుల కోసం హైదరాబాదుకో బెంగుళూరుకో వలసపోగా, వరండాలో నులకమంచం మీద పగలంతా ఒంటరిగా కూర్చునే వృద్ధులు మా పల్లెల్లో కొత్త కాదు. ఆ మంచం కింద తరచుగా ఒక కుక్క పడుకొని ఉంటుంది. దానికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ముసలామె తినే ముద్దలో దానికి ఒక పాలు ఉంటుంది. పగలంతా ఆమె మాట వినేది కూడా అదే.

2. దర్శించే పరిచర్య

ఈ సీమలో రోగుల ఇంటికి, దుఃఖితుల ఇంటికి వెళ్ళే అలవాటును సంఘం ఆస్పత్రుల నుండి నేర్చుకోలేదు. కనిగిరి సీమలోని తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ దంపతులు 1866లో బాప్తిస్మం పొందారు. పేరయ్య మాదిగ కులస్థుడు, తోలు వ్యాపారం చేసినవాడు. ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ పని మొదలైన తొలినాళ్ళలోనే, పేరయ్య తన బంధువుల మధ్య పల్లె పల్లెకు తిరిగి ఇళ్ళ ముందు కూర్చొని మాట్లాడాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకానికి చెప్పులు కుట్టే పని మీదనే పేరు పెట్టింది. చేతిలో పని, నోట మాట, ఎదుట ఒక మనిషి: ఈ సీమలో పరిచర్య ఆ రూపంలో మొదలైంది.

1876-78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పనిని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. బోధకులే మేస్త్రీలై మట్టి పనివారి మధ్య తిరిగారు. విశ్రాంతి వేళల్లో వారితో కూర్చొని ఓదార్చారు. అయితే కరువు సహాయం సాగినంత కాలం అతడు బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూటి కోసం విశ్వాసం అన్న మాట రాకూడదని అతని ఆలోచన. ఆ తరువాతనే, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

చరిత్రకారులు సాధారణంగా ఈ 2,222 అన్న అంకె దగ్గర ఆగుతారు. మేము అంతకు ముందున్న విరామం దగ్గర ఆగుతున్నాము. బాధలో ఉన్నవారి పక్కన కూర్చొని, ప్రతిఫలంగా ఏమీ అడగకుండా ఉండడం ఒక క్రమశిక్షణ. థెరపీ కుక్కల సేవకు కూడా ప్రాణం అదే. కుక్క రోగిని ఏమీ అడగదు. దానితో వచ్చినవారు కూడా అడగరాదు.

3. సేవగా మారిన చెలిమి

రోగికి జంతువు తోడు మేలు చేస్తుందన్న ఆలోచన పాతది. గ్రీసులోని ఎపిడౌరస్ ఆలయంలో క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దపు శాసనాలు, గుడి కుక్కలు నాకడం వల్ల స్వస్థత పొందిన బాలుర కథలు చెబుతాయి. ఆధునిక కాలంలో క్వేకరు శాఖకు చెందిన విలియం ట్యూక్ 1796లో ఇంగ్లండులోని యార్క్‌లో మానసిక రోగుల కోసం ఒక ఆశ్రమం తెరిచాడు. రోగులను గొలుసులతో కట్టివేసే కాలమది. అక్కడి ఆవరణల్లో కుందేళ్ళు, కోళ్ళు తిరిగేవని, వాటితో రోగులలో మెత్తని మనసు కలిగేదని అతని మనుమడు శామ్యూల్ ట్యూక్ 1813లో వ్రాశాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా నర్సింగుపై తన పుస్తకంలో, దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడని వ్రాసింది.

దీనిని శాస్త్ర చర్చలోకి తెచ్చినది అమెరికాలోని బాలల మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్. ఎవరితోనూ కలవని ఒక బాలుడు అతని కుక్క జింగిల్స్‌తో ఆడుకోవడం మొదలుపెట్టి, దాని వల్లనే వైద్యునితోనూ మాట కలిపాడు. 1961లో లెవిన్సన్ ఈ సంగతి తోటి మనస్తత్వవేత్తల సభలో చెప్పినప్పుడు కొందరు నవ్వారట. 1962లో అతని వ్యాసం అచ్చయింది.

స్వచ్ఛంద సేవగా దీని పుట్టుక మన విషయానికి మరింత దగ్గర. ఇంగ్లండులో కొంతకాలం పనిచేసిన ఎలైన్ స్మిత్ అనే నర్సు, అక్కడ ఒక ఆస్పత్రి పాదిరి తన గోల్డెన్ రిట్రీవర్ కుక్కతో రోగులను దర్శించడం చూసింది. ఆయన వచ్చినప్పుడు రోగుల ముఖాల్లో కలిగే మార్పును గమనించి, అమెరికాకు తిరిగి వెళ్ళి 1976లో థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థను స్థాపించింది. అంటే ఈ ఉద్యమం వెనుక ఒక పాదిరి రోగి దర్శనం ఉంది. 1991లో జిల్ రాబిన్సన్ హాంకాంగ్‌లో డాక్టర్ డాగ్ పేరిట ఇటువంటి పని ప్రారంభించింది. తరువాత అది మన దేశానికీ వచ్చింది. 2008లో అమెరికాలోని లూథరన్ చర్చ్ చారిటీస్ తన కుక్కల పరిచర్యను మొదలుపెట్టింది. 2012 డిసెంబరులో న్యూటౌన్ పాఠశాలలో పిల్లలు కాల్పులకు బలైనప్పుడు ఆ కుక్కలు అక్కడి కుటుంబాల మధ్యకు వెళ్ళాయి.

ఫలితాలను పెంచి చెప్పడం మాత్రం తగదు. 1980లో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం 92 మంది హృద్రోగులను పరిశీలించింది. జంతువులను పెంచుకొనే 53 మందిలో ఏడాదిలోపు చనిపోయినవారు 3; పెంచుకోని 39 మందిలో 11. ఈ అంకెలు చాలా ప్రసిద్ధి పొందాయి గాని, తరువాతి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. పైగా కుక్కను పెంచుకోవడం వేరు, వారానికొకసారి కుక్క వచ్చి వెళ్ళడం వేరు. ఒంటరితనం, ఆందోళన కొంత తగ్గుతాయన్నంత వరకే మేము చెప్పగలము.

4. మన నేలలో కుక్క: విశ్వాసం, భయం, అవమానం

తెలుగువారికి కుక్క కొత్త కాదు. నన్నయ ఆదిపర్వంలో, జనమేజయుని తమ్ముళ్ళు ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లి సరమ వచ్చి రాజునే నిలదీస్తుంది. నెల్లూరు సీమకు చెందిన తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు ధర్మరాజు. దెబ్బ తిన్న కుక్కతో మొదలై, విడువరాని కుక్కతో ముగిసే మహాకథ మనది. నల్లమల చెంచులకు, మెట్ట పొలాల గొర్రెల కాపరులకు కుక్క నేటికీ తోటి పనివాడే.

అయినా రెండు ముళ్ళను దాటి ముందుకు పోలేము. మొదటిది రేబిస్. మద్రాసు రాష్ట్రంలో పిచ్చికుక్క కాటుకు వైద్యం కోసం 1907లో కూనూరులో పాస్చర్ సంస్థ ఏర్పడింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల జ్ఞాపకం మా పెద్దవారికి ఇంకా ఉంది. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివరితో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి వేసే సురక్షితమైన టీకా ఉంది. అయినా ప్రపంచ రేబిస్ మరణాల్లో సుమారు మూడవ వంతు మన దేశంలోనివే. 2025 నవంబరులో సుప్రీంకోర్టు పాఠశాలలు, ఆస్పత్రులు, బస్టాండ్ల ఆవరణల నుండి వీధికుక్కలను తొలగించమని ఆదేశించింది. బిడ్డను కుక్క కరిచిన తల్లికి శునక సాంత్వన అన్న మాట ఎగతాళిగా వినిపిస్తే తప్పు ఆమెది కాదు.

రెండవ ముల్లు ఇంకా లోతైనది. 1927లో అంబేద్కర్ మహాడ్‌లో చెరువు నీరు ముట్టుకున్నది, పశువులు తాగే నీటిని మనుషులు తాగరాదన్న కట్టుబాటుకు ఎదురు నిలిచేందుకే. కుక్క నడిచే వీధిలో చెప్పులతో నడవనివ్వని కాలం పేరయ్య తరానికి స్వానుభవం. కుక్క అన్న పేరుతో తిట్టు తిన్న జనుల ముందు కుక్కను ఆదరణకర్తగా నిలబెట్టేటప్పుడు ఆ గాయాన్ని మరువరాదు. కుక్కకు దొరికే ముద్దు మనిషికి దొరకని చోట ఈ సేవ ధనికుల వేడుకగా మిగిలిపోతుంది.

5. లాజరు గుమ్మం

ఈ రెండు ముళ్ళూ వాక్యంలోనే ఉన్నాయి. మార్కు 7వ అధ్యాయంలోని సురోఫెనికయ స్త్రీ, తన జనులకు తగిలిన కుక్కపిల్లలు అన్న మాటనే పట్టుకొని వాదించి తన బిడ్డకు స్వస్థత సంపాదించింది. లూకా 16వ అధ్యాయంలో లాజరు కురుపులను కుక్కలు నాకాయి. ఇది అతని దీనస్థితికి పరాకాష్ఠ అని కొందరు వ్యాఖ్యాతలు, అతనికి దొరికిన ఒకే ఒక్క ఉపశమనమని మరికొందరు అంటారు. మేము ఇందులో ఒక పక్షం వహించడం లేదు. రెండు విధాలుగా చదివినా ఒక సంగతి మారదు. ఆ గుమ్మం దగ్గర లాజరును ముట్టుకున్నవి కుక్కలే. ధనవంతుడు గడప దాటి రాలేదు. ఆ ఉపమానం తీర్పు తీర్చేది కుక్కలకు కాదు, రాని మనిషికి.

6. నేర్చుకోదగినవి

వెలిగండ్లకు విదేశీ జాతి కుక్కలను తేవాలని మేము ప్రతిపాదించడం లేదు. మా ఎండలకు అవి తాళలేవు, మా సంఘాలు వాటి ఖర్చును భరించలేవు. ఆ సేవలోని కట్టుబాట్లు మాత్రం మనకు పనికి వస్తాయి. రోగి ఒప్పుకొంటేనే దగ్గరకు వెళ్ళాలి. చెప్పిన రోజున, చెప్పిన వేళకు వెళ్ళాలి. ముందూ వెనుకా చేతులు కడుక్కోవాలి. కుక్కకు టీకాలు పూర్తయి ఉండాలి, దాని స్వభావాన్ని తెలిసినవారు పరీక్షించి ఉండాలి. పెట్ పార్ట్‌నర్స్ అనే సంస్థ నియమం ప్రకారం ఏ జంతువూ రోజుకు రెండు గంటలకు మించి ఈ పని చేయరాదు. దాని అలసటకు కూడా లెక్క ఉంది. తక్కువ మాట్లాడి ఎక్కువ వినాలి. కుక్క లేకుండా వెళ్ళే సంఘ పెద్దలు, స్త్రీల సమాజాల సభ్యులు కూడా వీటిలో చాలా వాటిని పాటించగలరు. ఒక గంట రోగి పక్కన కూర్చొని సలహా ఇవ్వకుండా లేచి రావడం ఎంత కష్టమో చేసి చూసినవారికి తెలుస్తుంది.

ఇక మంచం కింద ఉన్న ఆ ఊరకుక్క మాట. దానికి టీకా వేయించడం కూడా రోగి సేవలో భాగమే. వృద్ధురాలికి మిగిలిన తోడును ఆమెకు అపాయం కాకుండా కాపాడినవారం అవుతాము. ఇది పశువైద్య సిబ్బందితో మాట్లాడి సంఘ యువకులు చేయగల పని.

ముగింపు

యార్క్ ఆశ్రమం నుండి న్యూటౌన్ వరకు సాగిన ఈ చరిత్రలో కుక్క ఎక్కడా ఒంటరిగా వెళ్ళలేదు. దాని పట్టెడ పట్టుకొని ఒక మనిషి వెళ్ళాడు. ఈ సీమలో ఎముకలు కొయ్యబారిన వారి సంగతిని 1937లోనే వైద్యులు వ్రాసి పెట్టారు. అంతకు 71 సంవత్సరాల ముందే పేరయ్య ఈ దారుల్లో నడక మొదలుపెట్టాడు. నీటి పథకాల కోసం అడగడం మన బాధ్యత, దానిని విడువరాదు. అయితే ఆ నీరు రాక ముందే వంగిపోయిన వారు ఇంకా ఉన్నారు. వారి గుమ్మం ముందు ప్రస్తుతం కుక్క కూర్చొని ఉంది. దాని పక్కన మరొకరు కూర్చోవడానికి చోటుంది.