బీపీ గోలీలోని ఉప్పు

బేగం బజార్‌లో హోల్‌సేల్ కొట్టు గల్లా మీద కూర్చునే పెద్దాయన జేబులోనైనా, బస్తాలు మోసే హమాలీ జేబులోనైనా బీపీ గోలీల పత్తా ఉంటే, అది అంలోడిపిన్ కావచ్చు. పత్తా మీద ఆ పేరు పక్కనే ‘బెసిలేట్’ అని ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ మన హైదరాబాద్ కంపెనీ ఒకటి అమెరికా కోర్టులదాకా వెళ్లింది ఆ రెండో మాట దగ్గరే.

రక్తనాళాల కండరాల్లోకి కాల్షియం చొరబడితే అవి బిగుసుకుంటాయి. ఆ దారిని మందుతో మూయవచ్చని 1960లలో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ గుర్తించారు. తర్వాత వచ్చిన నిఫెడిపిన్ పనిచేసేది, కానీ గంటల్లోనే దిగిపోయేది. ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్‌లో ఫైజర్ రసాయనవేత్తలు ఆ జాతి అణువుకే ఒక అమైన్ కొసను తగిలించారు. దాంతో మందు కణపొరలను అంటిపెట్టుకుని, 30 నుంచి 50 గంటలకు గానీ రక్తంలో సగానికి తగ్గదు. రోజుకు ఒక్క గోలీ చాలడం ఆ కొస చలవే.

చిక్కు తెచ్చిందీ ఆ కొసే. మొదట ఎంచుకున్న లవణం (ఉప్పు), మాలియిక్ ఆమ్లంతో చేసిన మాలియేట్. ఆ ఆమ్లంలోని ద్విబంధంతో అమైన్ చర్య జరిపి మందు చెడిపోయేది. పొడి గోలీల యంత్రానికి అంటుకునేది. ఫైజర్‌కే చెందిన జేమ్స్ వెల్స్ వేరే లవణాలను పరీక్షించి బెంజీన్ సల్ఫోనేట్‌ను, అంటే బెసిలేట్‌ను, ఎంపిక చేశారు. 1992లో అమెరికా అనుమతి వచ్చింది.

కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్, ఫైజర్ వదిలేసిన ఆ మాలియేట్‌తోనే మందు తయారుచేసింది. అంలోడిపిన్‌పై ఫైజర్‌కు పొడిగించిన పేటెంటు బెసిలేట్‌కే వర్తిస్తుందని వాదించింది. 2002లో న్యూజెర్సీ కోర్టు ఒప్పుకుంది, 2003 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతీ ఇచ్చింది. 2004 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది: లవణం ఏదైనా, పనిచేసేది అంలోడిపినే కాబట్టి పేటెంటు వర్తిస్తుందంది. రసాయనశాస్త్రం తెలిసినవారు సాహసించి వేసిన ఎత్తు అది. ఓడినా, నా దృష్టిలో గౌరవించదగ్గదే.

2007 మార్చిలో మరో కేసులో అదే అప్పీలు కోర్టు ఫైజర్‌కు బెసిలేట్ లవణంపై ఉన్న వేరే పేటెంటునూ కొట్టేసింది. తెలిసిన లవణాల్లోంచి ఒకటి ఏరుకోవడం నిపుణులకు మామూలు పనేనంది.

ఇక పత్తా మీది అంకె సంగతి: దాదాపు 6.9 మిల్లీగ్రాముల బెసిలేట్‌లో ఉండే అసలు మందు 5 మిల్లీగ్రాములు. పత్తా మీద రాసేది ఈ అసలు లెక్కే. ఈ మందుకు వెలుతురు పడదు, గోలీలను పత్తాలోనే ఉంచండి. బీపీ తగ్గిందని సొంతంగా మానేయకండి, డాక్టరును అడగండి.