లాసిక్ తర్వాత చూపు

కంటి ముందుభాగంలోని పారదర్శక పొర కార్నియాను ఎక్సైమర్ లేజర్‌తో మలిచి హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి, ఆస్టిగ్మాటిజం సరిచేసే శస్త్రచికిత్స లాసిక్. చాలామందికి మర్నాటికే దూరపు చూపు తేటపడుతుంది. పూర్తిగా కుదుటపడటానికి 3 నుంచి 6 నెలలు పట్టవచ్చు. ఈలోగా కళ్లు పొడిబారడం, రాత్రిపూట ఎదురొచ్చే బండి లైట్ల చుట్టూ వలయాలు కనిపించడం మామూలే. కొద్దిమందిలో ఇవి మిగిలిపోతాయి. 6/6 చూపు చాలామందికి వచ్చినా, అందరికీ వస్తుందన్న హామీ లేదు.

లాసిక్ చేయించుకుంటే ఇక కళ్లద్దాలే అక్కర్లేదన్న అపోహంతా చత్వారం దగ్గరే. 40 దాటాక కంటి లోపలి సహజ కటకం సాగే గుణం తగ్గి దగ్గరి అక్షరాలు మసకబారతాయి. కార్నియాను మలిస్తే అది ఆగదు. అప్పటిదాకా కళ్లద్దాలు తీసేసి పేపరు చదువుకున్న హ్రస్వదృష్టివారికైతే, దూరపు చూపు పూర్తిగా సరిచేశాక ఆ వెసులుబాటూ పోతుంది. శుక్లం కూడా దాని వయసుకు అది వస్తుంది.